నాన్న బండి, దాని నోటు పుస్తకం: పాత మోటార్‌సైకిల్‌ని ఇంట్లోనే చూసుకోవడం ఎలా

నాన్న బండి సీటు కింద టూల్ కిట్టుతో పాటు ఒక చిన్న నోటు పుస్తకం ఉండేది. ఆయిలు మార్చినా, చైను బిగించినా, ప్లగ్గు శుభ్రం చేసినా ఆయన మీటరు వైపు ఒకసారి చూసి, కిలోమీటర్లు వేసి, పక్కన ఒక లైను రాసుకునేవారు. వంద సీసీ, ఒకటే సిలిండరు, నాలుగు స్ట్రోకుల ఇంజిను, పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజినుకిచ్చే కార్బురేటరు, రెండు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులు. బండి నా చేతికొచ్చాక రెండేళ్లు ఆ పుస్తకం తెరవలేదు. బండి మొరాయించడం మొదలుపెట్టింది కూడా ఆ రెండేళ్లలోనే.

యాక్సిలరేటరు వదిలితే చాలు, ఇంజిను ఆగిపోయేది. ఒక మెకానిక్కు దగ్గరికి మూడుసార్లు తీసుకెళ్లాను. మూడుసార్లూ ఐడ్లింగు (యాక్సిలరేటరు వదిలినప్పటి ఇంజిను వేగం) స్క్రూ కాస్త బిగించి, రెండుసార్లు రైజ్ చేసి, "అయిపోయింది, తీసుకెళ్లండి" అన్నాడు. వారం బాగుండేది, మళ్లీ మొదటికొచ్చేది. చివరికి ఒక ఆదివారం నేనే కార్బురేటరు ఊడదీశాను. జెట్లు (పెట్రోలు వెళ్లే సన్నని రంధ్రాలున్న ఇత్తడి ముక్కలు) శుభ్రంగానే కనిపించాయి. కార్బురేటరుకీ ఇంజినుకీ మధ్య ఉండే ఓ-రింగు మాత్రం గట్టిపడి, అణిగిపోయి, ఒకచోట వెంట్రుకంత పగిలి ఉంది. ఆ పగుల్లోంచి గాలి లోపలికి దూరి, మిశ్రమంలో పెట్రోలు వంతు తగ్గించేస్తోంది. ఆ రబ్బరు రింగు ఒక్కటి మార్చాక ఆ జబ్బు మళ్లీ రాలేదు.

అప్పటినుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. ముందు చూడాలి, తర్వాత పరీక్షించాలి, ఆ తర్వాతే విప్పాలి. విప్పాక కూడా ఒకసారికి ఒక్కటే మార్చాలి. ప్లగ్గు మార్చి, ఎయిర్ స్క్రూ తిప్పి, టాపెట్లు (వాల్వుల దగ్గర సన్నని సందుని సర్దే స్క్రూలు) సర్ది, అన్నీ ఒకే పూట చేసేస్తే బండి బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు, ఇంకా పాడైనా ఎందుకు పాడైందో తెలియదు. కింద చెప్పేదంతా ఈ తరహా బండి గురించే. కొలతలు నా బండివి. మీ బండి కొలతలు దాని మాన్యువల్‌లో చూసుకోండి.

చేతికి అందేలా ఉండాల్సినవి

8, 10, 12, 14, 17 నంబర్ల రింగు స్పానర్లు, ప్లగ్గు స్పానరు, ఫీలర్ గేజి (సన్నని సందులు కొలిచే రేకుల కట్ట), చిన్న మల్టీమీటరు, పాత టూత్ బ్రష్షు, ఉతికిన పాత గుడ్డలు. నా పనుల్లో సగం పది నంబరు స్పానరుతోనే అయిపోతాయి. మిగతా వాటిలో డబ్బు ఆదా చేసుకున్నా స్క్రూ డ్రైవరు దగ్గర మాత్రం వద్దు. జపాన్ డిజైను బండ్లలో ప్లస్ గాడి స్క్రూలు జేఐఎస్ అనే కొలతవి. మామూలు ఫిలిప్స్ డ్రైవరు వాటి గాడిలో పూర్తిగా కూర్చోదు, బలంగా తిప్పితే జారి గాడిని నమిలేస్తుంది. కార్బురేటరు గిన్నె స్క్రూలు చాలా బండ్లలో గుండ్రంగా అరిగిపోయి ఉండటానికి కారణం అదే. జేఐఎస్ డ్రైవరు ఒకటి కొనుక్కోండి.

బండిని సెంటర్ స్టాండు మీద, గట్టి సమమైన నేల మీద పెట్టండి. మూసిన గదిలో ఇంజిను నడపకండి. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడుకి వాసన ఉండదు, తల తిరిగే దాకా తెలియదు. పెట్రోలు పని చేసేటప్పుడు దగ్గర్లో నిప్పు, సిగరెట్టు, దీపం ఏవీ ఉండకూడదు. ఏదైనా విప్పే ముందు ఫోనుతో ఫోటో తీసుకోండి. విప్పిన స్క్రూలను విప్పిన వరసలోనే ఒక అట్టముక్కకి గుచ్చి పెట్టుకోండి.

స్టార్ట్ కాకపోతే

ఇంజినుకి కావలసినవి నాలుగు: పెట్రోలు, నిప్పు (ప్లగ్గు రవ్వ), కంప్రెషను (సిలిండరులో గాలి నొక్కుకునే బలం), గాలి. నేను ఈ వరసలోనే వెళ్తాను, ఎందుకంటే మొదటి రెండూ చూడటానికి పది నిమిషాలు చాలు.

పెట్రోలు ట్యాపు తెరిచి, కార్బురేటరు గిన్నె అడుగున ఉండే డ్రెయిను స్క్రూ కొద్దిగా వదులు చేసి, కింద గాజు సీసా పట్టండి. ధార ఆగకుండా రావాలి. కాసేపు వచ్చి చుక్కలుగా మారితే ట్యాంకు మూత తీసి చూడండి. మూత తీయగానే ధార మళ్లీ పుంజుకుంటే మూతలో గాలి రంధ్రం మూసుకుపోయినట్టు. అయినా రాకపోతే ట్యాపు లోపలి జాలీ పూడిపోయి ఉంటుంది. సీసాని కాసేపు కదల్చకుండా ఉంచితే నీళ్లుంటే అడుగున వేరే పొరగా తేరుకుంటాయి. ఎర్రటి పొడి దిగితే ట్యాంకు లోపల తుప్పు పట్టిందని అర్థం. పెట్రోలు వాసన వార్నిష్‌లా ఉంటే అది పాతబడిపోయింది, అంతా తీసేసి కొత్తది పోయండి.

తర్వాత నిప్పు. ముందు చిందిన పెట్రోలు తుడిచేసి, ఆరనివ్వండి. ప్లగ్గు విప్పి, క్యాపు తగిలించి, ప్లగ్గు మరలున్న భాగాన్ని ఇంజిను హెడ్డు లోహానికి ఆనించి కిక్కు కొట్టండి. ప్లగ్గు పెట్టే రంధ్రానికి మాత్రం దూరంగా పట్టుకోండి, అక్కడినుంచి పెట్రోలు ఆవిరి బయటికొస్తుంది. పట్టుకునేది క్యాపుని, చేతికి పొడి గుడ్డ చుట్టుకుని. టప్‌మని నీలంగా దూకితే నిప్పు బాగున్నట్టే. పసుపు రంగులో సన్నగా వచ్చినా, అసలు రాకపోయినా ముందు కొత్త ప్లగ్గు పెట్టి చూడండి. అప్పటికీ లేకపోతే ప్లగ్గు క్యాపుని వైరు మీంచి స్క్రూలా తిప్పి తీసి, చిలుము పట్టిన వైరు కొసని అర సెంటీమీటరు కోసి, క్యాపు మళ్లీ తిప్పి పెట్టండి. నా బండి ఒక వానాకాలమంతా పడ్డ ఇబ్బంది ఆ అర సెంటీమీటరుతో పోయింది.

ప్లగ్గుని పారేసే ముందు దాని మూతి చూడండి. లేత గోధుమ రంగులో ఉంటే లోపల మంట సరిగా ఉంది. పొడి మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువైంది, లేదా ఎయిర్ ఫిల్టరు పూడింది. తెల్లగా కాలిపోయినట్టుంటే గాలి ఎక్కువైంది. నా ఓ-రింగు కథలో ప్లగ్గు తెల్లగానే ఉంది, నేనే అప్పట్లో చూడటం నేర్చుకోలేదు. తడిగా, జిడ్డుగా నల్లగా ఉంటే ఇంజిను ఆయిలు పైకి చేరుతోంది. ప్లగ్గు గ్యాపు నా బండికి 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్లు.

ఇక కంప్రెషను. ఇగ్నిషన్ ఆఫ్ చేసి, ప్లగ్గు తీసి, రంధ్రం మీద బొటనవేలు గట్టిగా ఆనించి, యాక్సిలరేటరు పూర్తిగా తెరిచి ఎవరినైనా కిక్కు కొట్టమనండి. వేలిని నెట్టేసేంత బలంగా గాలి రావాలి. బలం లేదనిపిస్తే ఒక చెంచాడు ఇంజిను ఆయిలు రంధ్రంలో పోసి మళ్లీ చూడండి. ఇప్పుడు బలం పెరిగితే పిస్టన్ రింగులు అరిగాయి. పెరగకపోతే అనుమానం వాల్వుల మీద. ఆ రెండో సందర్భంలో వెంటనే హెడ్డు విప్పకండి, ముందు టాపెట్లు చూడండి.

కార్బురేటరు

ఐడ్లింగులో ఆగిపోతూ, యాక్సిలరేటరు ఇస్తే మాత్రం బాగా నడిచే బండికి చాలాసార్లు జబ్బు ఐడ్లింగుకి పెట్రోలు ఇచ్చే స్లో జెట్టులోనో, గాలి లీకులోనో ఉంటుంది. లీకు ముందు చూడండి, దానికి ఏమీ విప్పక్కర్లేదు. బండి ఐడ్లింగులో ఉండగా కార్బురేటరు ఇంజినుకి అతుక్కునే చోట స్ప్రే సీసాతో కొన్ని నీళ్లు చల్లండి. శబ్దం మారితే అక్కడ సందు ఉంది. కొందరు దీనికి పెట్రోలు వాడతారు, వేడి ఇంజిను మీద అది ప్రమాదం. నీళ్లతోనే తెలుస్తుంది.

లీకు లేకపోతే కార్బురేటరు దించండి. ట్యాపు మూసి, గిన్నెలో పెట్రోలు వంపేసి, గిన్నె స్క్రూలు తీయండి. గిన్నెలో పెట్రోలు మీద తేలే ఫ్లోటుని చెవి దగ్గర పెట్టి ఊపండి. లోపల ద్రవం కదిలిన చప్పుడైతే దానికి చిల్లు పడింది. ఫ్లోటు నీడిల్ కొసని వెలుతుర్లో చూడండి. చుట్టూ గాడి పడి ఉంటే పెట్రోలు ఆగదు, ఓవర్‌ఫ్లో అవుతుంది. మార్చేయండి.

ఇప్పుడు స్లో జెట్టు. చిన్న ఇత్తడి ముక్క, దాని రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు. కిటికీ వైపు తిరిగి కంటికి దగ్గరగా పెట్టి చూస్తే గుండ్రటి వెలుగు చుక్క కనబడాలి. నేను మొదటిసారి చూసినప్పుడు చుక్క కనబడింది కాబట్టి శుభ్రంగా ఉందనుకున్నాను. తర్వాతెప్పుడో కొత్త జెట్టు తెచ్చి రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, పాతదాంట్లో చుక్క గుండ్రంగా లేదు, అష్టమి నాటి చంద్రుడిలా ఉంది. ఎండిపోయిన పెట్రోలు పసుపు రంగు జిగురులా ఒక పక్కన పేరుకుపోయింది. అంత మాత్రం తేడాకే ఐడ్లింగు చెడొచ్చు. కార్బ్ క్లీనరులో నానబెట్టి, గాలి ఊది, అవసరమైతే టూత్ బ్రష్షు నుంచి ఒక్క పోగు కోసి దాంతో తోయండి. సూది, ఇనుప తీగ పెట్టకండి. ఇత్తడి మెత్తన, ఒక గీత పడితే రంధ్రం కొలత మారిపోతుంది, ఇక ఆ జెట్టు పనికిరాదు. క్లీనరు కొట్టేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోండి, ఒక రంధ్రంలో కొట్టింది ఇంకో రంధ్రంలోంచి సూటిగా మొహం మీదికొస్తుంది.

పక్కన ఉండే మిక్స్చరు స్క్రూని తీసే ముందు మెల్లగా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లకి ఆనిందో లెక్కపెట్టి రాసుకోండి. ఆనాక బిగించకండి, దాని ముక్కు సూదిలా ఉంటుంది, నొక్కితే గాటు పడుతుంది. నా బండిది ఒకటీ ముప్పావు చుట్లు. మళ్లీ పెట్టేటప్పుడు అంతే వెనక్కి తిప్పండి. ఈ స్క్రూ ఎటు తిప్పితే ఏమవుతుందన్నది దాని చోటుని బట్టి ఉంటుంది. ఎయిర్ ఫిల్టరు వైపు ఉంటే అది గాలి స్క్రూ, బయటికి తిప్పితే గాలి పెరుగుతుంది. ఇంజిను వైపు ఉంటే అది పెట్రోలు స్క్రూ, బయటికి తిప్పితే పెట్రోలు పెరుగుతుంది. ఇది తెలియకుండా తిప్పడం వల్ల పాడైన సెట్టింగులు చాలా ఉన్నాయి.

చివరి సర్దుబాటు ఇంజిను బాగా వేడెక్కాకే. ఐడ్లింగు కాస్త పెంచి, మిక్స్చరు స్క్రూని పావు చుట్టు చొప్పున అటూ ఇటూ తిప్పుతూ శబ్దం అన్నిటికన్నా చురుగ్గా, ఎగుడుదిగుడు లేకుండా వినిపించే చోట ఆపండి. తర్వాత ఐడ్లింగు స్క్రూతో వేగం దించండి.

టాపెట్లు

పాత బండికి ఇంట్లో చేయగల పనుల్లో దీనికి మించినది లేదని నా నమ్మకం. పైసా ఖర్చు లేదు, ఫీలర్ గేజి, గంట సమయం ఉంటే చాలు. అయినా ఎక్కువమంది దీన్ని వాయిదా వేస్తారు, ఎందుకంటే టాపెట్లు బిగుసుకుపోతే శబ్దం రాదు. వదులైతే టకటకమని చెబుతాయి. బిగుసుకున్నవి మౌనంగా ఉంటూ ఎగ్జాస్టు వాల్వుని పూర్తిగా మూసుకోనివ్వక కాల్చేస్తాయి. పొద్దున్నే ఒక కిక్కుకి స్టార్టయ్యే బండి, బాగా నడిచి వేడి మీద ఆపితే మళ్లీ స్టార్ట్ కాకపోవడం దీనికి మంచి గుర్తు.

ఇంజిను పూర్తిగా చల్లారి ఉండాలి. రాత్రి పెట్టి పొద్దున చూస్తే మంచిది. ప్లగ్గు తీసేయండి, ఇంజిను చేత్తో తేలిగ్గా తిరుగుతుంది. హెడ్డు మీద రెండు టాపెట్ మూతలు, పక్కన మాగ్నెట్ కవరు మీది మూతలు తీయండి. ఇంజిను నడిచేటప్పుడు తిరిగే దిక్కులోనే మెల్లగా తిప్పుతూ లోపలి చక్రం మీది "టి" గుర్తుని కవరు మీది గీతకి ఎదురుగా తెండి. ఇప్పుడు వాల్వులని నొక్కే రెండు రాకర్లనీ వేళ్లతో పట్టి ఆడించండి. రెండూ సన్నగా ఆడితే సరైన చోటు. ఆడకపోతే మీరు ఎగ్జాస్టు స్ట్రోకు చివర ఉన్నారు, ఇంకో పూర్తి చుట్టు తిప్పి మళ్లీ "టి" దగ్గర ఆపండి.

నా బండికి రెండు వాల్వులకీ 0.05 మిల్లీమీటర్లు. ఆ ఫీలర్ రేకు నూనె రాసి దూర్చితే, మూసి ఉన్న పుస్తకంలోంచి ఒక కాగితం లాగుతున్నంత పట్టు ఉండాలి. లాక్ నట్టు బిగించేటప్పుడు గ్యాపు కొంచెం జరుగుతుంది, అందుకని సర్దే స్క్రూని కదలకుండా పట్టుకుని నట్టు బిగించి, రేకు మళ్లీ పెట్టి చూడండి. నాకు ఇప్పటికీ రెండు మూడుసార్లు చేస్తేనే కుదురుతుంది.

ఆయిలు

ఇంజిను కొద్దిగా వేడెక్కాక దించితే మడ్డి కూడా దాంతో పాటు వచ్చేస్తుంది. దించిన ఆయిలుని ఒకసారి వెలుతుర్లో చూడండి. నల్లగా ఉండటం మామూలే. పాలు కలిపినట్టుంటే నీళ్లు చేరాయి. మెరుపు రజను కనబడితే లోపల ఏదో అరుగుతోంది.

డ్రెయిను బోల్టు అల్యూమినియంలోకి వెళ్తుంది. ఒకసారి నేను లీకు భయంతో పొడుగాటి స్పానరుతో బలం కొద్దీ బిగించాను. మెత్తగా, మైనంలా, బోల్టు ఇంకొంచెం తిరిగింది. థ్రెడ్డు పోయిన క్షణం అది, చేతికి తెలిసిపోయింది. ఆ రంధ్రానికి కొత్త మర వేయించడానికి లేతు పనివాడి దగ్గరికి ఇంజిను మొయ్యాల్సి వచ్చింది. లీకు ఆపేది బలం కాదు, కింద ఉండే వాషరు. వాషరు ప్రతిసారీ కొత్తది వేసి, బోల్టుని ముందు చేత్తో తిప్పి, తర్వాత పొట్టి స్పానరుతో మణికట్టు బలంతోనే బిగించండి. టార్క్ రెంచి ఉంటే ఇంకా మంచిది.

కారు ఆయిలు పోయకండి. ఈ బండ్లలో క్లచ్చు ప్లేట్లు కూడా అదే ఆయిలులో తడుస్తుంటాయి, కారు ఆయిళ్లలో కలిపే కొన్ని రసాయనాల వల్ల క్లచ్చు జారుతుంది. డబ్బా మీద జేఎఎస్ఓ ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి. చిక్కదనం మాన్యువల్ చెప్పినదే. నేను 2,000 కిలోమీటర్లకి మారుస్తాను. తీసిన ఆయిలుని మట్టిలోనో కాలువలోనో పోయకండి, డబ్బాలో దాచి పాత ఆయిలు తీసుకునేవాళ్లకి ఇవ్వండి.

చైను, బ్రేకులు, కేబుళ్లు

చైను కింది వరస మధ్యలో వేలితో పైకీ కిందికీ కదిపితే 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఆడాలి. చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూసి, అన్నిటికన్నా బిగువుగా ఉన్న చోట ఈ కొలత పెట్టండి. సర్దాక రెండు పక్కల గుర్తులూ సమానంగా ఉన్నాయో లేదో చూడండి. వెనక స్ప్రాకెట్టు (చైను తిరిగే పళ్ల చక్రం) వెనక భాగంలో చైనుని పట్టుకుని లాగితే సగం పన్ను బయటపడేంత లేస్తే చైను అయిపోయింది. మారిస్తే స్ప్రాకెట్లు రెండూ కలిపి మార్చాలి. లింకు క్లిప్పు పెట్టేటప్పుడు దాని మూసి ఉన్న కొస చైను కదిలే వైపు ఉండాలి. ఇంజిను ఆన్ చేసి గేరులో వేసి చైను తుడవడం మాత్రం ఎప్పుడూ చేయకండి. వేళ్లు తెగిపోయేది అలాగే. చేత్తో చక్రం తిప్పుతూ తుడవండి.

డ్రమ్ము విప్పినప్పుడు లోపలి పొడిని నోటితో గానీ గాలితో గానీ ఊదకండి. పాత బ్రేక్ షూలలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డ పారేయండి. షూ మీద నూనె గానీ గ్రీజు గానీ పడితే గీకి వాడకుండా మార్చేయండి. బ్రేకు ఆర్ము దగ్గర బాణం గుర్తు ఉంటే, బ్రేకు పూర్తిగా నొక్కినప్పుడు అది చివరి గీతని చేరిందంటే షూలు అరిగిపోయాయి.

కేబుల్లో ఒక్క పోగు తెగి కనబడినా మార్చేయండి, మిగతా పోగులు ఎంతో దూరం రావు. క్లచ్చు లివరు కొస దగ్గర 10 నుంచి 20 మిల్లీమీటర్లు వదులు ఉంచండి.

బ్యాటరీకి మల్టీమీటరు పెట్టి చూస్తే పూర్తి ఛార్జి ఉన్న 12 వోల్టులది 12.6 దాకా చూపాలి. ఇంజిను రైజ్ చేసినప్పుడు 13.5కీ 14.5కీ మధ్య ఉంటే ఛార్జింగు బాగున్నట్టే. విప్పేటప్పుడు ముందు నెగటివ్, పెట్టేటప్పుడు చివర నెగటివ్.

క్రాంకు బేరింగులు, బోరింగు, ఫ్రేము వెల్డింగు నేను ముట్టుకోను. వాటికి యంత్రాలు కావాలి, కొలిచే పనిముట్లు కావాలి. అయితే ఆ పనికి ఇచ్చేటప్పుడు కూడా ఏం చూశానో, ఏం పరీక్షించానో చెప్పి ఇస్తాను. అప్పుడు పనివాడు కూడా వేరేగా వింటాడు.

పుస్తకంలో ఏం రాయాలి

తారీఖు, కిలోమీటర్లు, చూసింది, చేసింది. మిక్స్చరు స్క్రూ చుట్లు, టాపెట్ గ్యాపు చూసినప్పుడు ఎంత ఉందో, సర్దాక ఎంతో. చూసినప్పటి కొలత తప్పకుండా రాయండి. ఎగ్జాస్టు టాపెట్టు ప్రతిసారీ కొద్దికొద్దిగా బిగుసుకుంటోందంటే వాల్వు సీటులోకి దిగుతోందని నాకు తెలిసింది నాలుగు లైన్లు వరసగా చదివాకే. ఏమీ దొరకని రోజు కూడా "చూశాను, బాగుంది" అని రాయండి, తర్వాతిసారి అక్కడ వెతకడం తప్పుతుంది.

పెన్సిలుతో రాయండి. నాన్న పెన్నుతో రాసిన పేజీల్లో ఆయిలు వేళ్లు తగిలిన చోటల్లా సిరా పాకిపోయి అంకెలు చదవరావు. మధ్యలో ఎక్కడో ఆయన పెన్సిలుకి మారారు, అక్కడినుంచి ప్రతి అంకె ఇప్పటికీ కనబడుతుంది. అదే పుస్తకంలో ఆయన రాసిన చివరి లైను కింద నుంచే నేను మొదలుపెట్టాను.